ఇల్యా మెచ్నికోవ్

ఇల్యా ఇల్యిచ్ మెచ్నికోవ్ (1845 మే 15 - 1916 జూలై 15) సుప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. నాటి రష్యా సామ్రాజ్యంలో జన్మించి, ఫ్రాన్సులో స్థిరపడిన తరువాత ఏలీ మెచ్నికాఫ్ అనే పేరుతో ప్రపంచానికి పరిచయమయ్యాడు. శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవులను కొన్ని కణాలు మ్రింగి జీర్ణం చేసుకొంటాయని కనుగొని, రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడయ్యాడు. ఈ కృషికి గాను 1908లో పాల్ ఎర్లిష్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. జీవిత చరమ దశలో ఆయన పులిసిన పాలలోని సూక్ష్మజీవులు ఆరోగ్యానికి మేలు చేస్తాయని ప్రచారం చేశాడు. నేడు ప్రోబయాటిక్స్ అని పిలువబడుతున్న చికిత్సా విధానానికి మూలపురుషుడుగా ఈయననే పేర్కొంటారు. మధుమేహ రోగుల పాదాలపై ఏర్పడే మానని పుండ్లకు ప్రోబయాటిక్స్‌ను సహాయక చికిత్సగా పరీక్షిస్తున్న ఈ కాలంలో మెచ్నికోవ్ జీవితాన్ని తెలుసుకోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. గాయం ఎట్లా మానుతుంది అన్న ప్రశ్న, మేలు చేసే సూక్ష్మజీవులు అన్న భావన, ఈ రెండూ ఆయన ప్రయోగశాల నుండే బయలుదేరాయి.

బాల్యము, విద్యాభ్యాసము

మెచ్నికోవ్ ఖార్కోవ్ ప్రాంతంలోని ఇవానోవ్కా గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉన్నది. తండ్రి ఇల్యా ఇవనోవిచ్ చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారి. తల్లి ఎమీలియా నెవఖోవిచ్ యూదు కుటుంబానికి చెందినది. ఆమె తండ్రి రచయిత. ఐదుగురు సంతానంలో మెచ్నికోవ్ చివరివాడు. ఆయన అన్నలలో లెవ్ భూగోళ శాస్త్రవేత్తగా, సామాజిక చింతకుడుగా ప్రసిద్ధి చెందాడు. న్యాయాధికారిగా తూలా పట్టణంలో పనిచేసిన మరొక అన్న ఇవాన్ 1881లో మరణించాడు. టాల్‌స్టాయ్ వ్రాసిన 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' అనే ప్రసిద్ధ కథకు ఈయన మరణమే ప్రేరణ అని చెబుతారు.

బాల్యం నుండి మెచ్నికోవ్‌కు మొక్కలన్నా, జంతువులన్నా అమితమైన ఆసక్తి. 1862లో ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో చేరి, నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలోనే ముగించాడు. తరువాత జర్మనీ వెళ్ళి గీసెన్, గొట్టింగెన్, మ్యూనిక్ నగరాలలో పరిశోధన సాగించాడు. 1865లో గీసెన్‌లో ఉండగా ఒక రకమైన చదును పురుగును సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ, దాని కణాలు ఆహారాన్ని తమలోనికి తీసుకొని లోపలే జీర్ణం చేసుకోవడం గమనించాడు. ఈ పరిశీలన అప్పటికి చిన్నదే. పదిహేడేళ్ళ తరువాత అదే ఆయనకు దారి చూపింది.

ఇటలీలోని నేపుల్స్‌లో అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీతో కలిసి సముద్రజీవుల పిండాభివృద్ధిపై పనిచేశాడు. వెన్నెముక లేని జంతువుల పిండాలలో కూడ ఉన్నత జంతువులలో వలె పొరలు ఏర్పడతాయని చూపిన ఈ కృషికి ఇద్దరికీ కలిపి కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ పేరిట ఉన్న బహుమతి లభించింది. 1867లో, అనగా ఇరవైరెండేళ్ళ వయసులో, ఒడెస్సాలోని విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు. తాను పాఠం చెప్పిన విద్యార్థులలో కొందరు తనకంటె వయసులో పెద్దవారు. 1870లో అక్కడే జంతుశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

కష్టాల కాలం

మెచ్నికోవ్ 1869లో లుద్మీలా ఫెదొరోవిచ్‌ను వివాహమాడాడు. వధువు అప్పటికే క్షయతో ఎంత బలహీనంగా ఉన్నదంటే, పెళ్ళినాడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకొనిపోయారు. ఆమె ఆరోగ్యం కోసం ఆయన వెచ్చని ప్రదేశాలకు తిప్పాడు, ఖర్చుల కోసం అనువాదాలు చేశాడు, చూపు మందగించినా పనిచేశాడు. 1873లో మదీరా ద్వీపంలో ఆమె మరణించింది. ఆ దుఃఖంలో ఆయన ఆత్మహత్యా ప్రయత్నం చేసి బ్రతికి బయటపడ్డాడు.

1875లో తన శిష్యురాలైన ఓల్గా బెలొకొపితొవాను పెండ్లాడాడు. చిత్రకళలోను, శిల్పకళలోను ప్రవేశం ఉన్న ఈమె చివరివరకు భర్త పరిశోధనలలో సహకరించింది. 1880లో ఆమెకు టైఫాయిడ్ సోకి ప్రాణాపాయం కలిగింది. విశ్వవిద్యాలయంలో రాజకీయ ఒత్తిళ్ళు, గుండె జబ్బు, భార్య అనారోగ్యం ఒక్కసారిగా మీదపడడంతో మెచ్నికోవ్ మళ్ళీ క్రుంగిపోయి, తిరగబెట్టే జ్వరంతో ఉన్న రోగి రక్తాన్ని తన శరీరంలోనికి ఎక్కించుకొన్నాడు. ఆ వ్యాధి రక్తం ద్వారా సంక్రమిస్తుందా లేదా అని తెలుసుకోవడం పైకి చెప్పిన ఉద్దేశ్యం. తీవ్రంగా జబ్బుపడి కోలుకొన్నాడు. ఆశ్చర్యకరమైన సంగతేమంటే, ఈ జబ్బు నుండి లేచిన తరువాత ఆయన స్వభావమే మారిపోయింది. అంతకుముందు నిరాశావాది, ఆ తరువాత ఆయన పుస్తకాల పేర్లలోనే ఆశావాదం కనిపిస్తుంది.

1881లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్య జరిగింది. దరిమిలా విశ్వవిద్యాలయాలపై ప్రభుత్వపు ఒత్తిడి పెరిగింది. 1882లో మెచ్నికోవ్ పదవికి రాజీనామా చేశాడు. ఓల్గా తల్లిదండ్రుల నుండి సంక్రమించిన ఆస్తి వలన జరుగుబాటుకు లోటు లేకపోవడంతో, భార్యతోను ఆమె తమ్ముళ్ళు చెల్లెళ్ళతోను కలిసి సిసిలీ ద్వీపంలోని మెస్సీనా నగరానికి వెళ్ళాడు.

మెస్సీనాలో గులాబి ముల్లు

1882 డిసెంబరులో ఒకరోజు ఇంట్లోని వారంతా సర్కస్‌కు వెళ్ళారు. మెచ్నికోవ్ ఒంటరిగా కూర్చొని సముద్ర నక్షత్రపు డింభకాలను సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. ఈ డింభకాలు గాజువలె పారదర్శకంగా ఉంటాయి కాబట్టి లోపల కదులుతున్న కణాలు స్పష్టంగా కనబడతాయి. ఎక్కడపడితే అక్కడికి ప్రాకుతూ పోయే ఈ కణాలు కేవలం ఆహారాన్ని జీర్ణం చేయడానికేనా, లేక శరీరంలోనికి చొరబడిన పరాయి వస్తువులను ఎదుర్కోవడానికి కూడానా అన్న ఆలోచన ఆయనకు తట్టింది. ఆ ఊహ నిజమైతే, డింభకం శరీరంలో ముల్లు గ్రుచ్చినప్పుడు ఆ కణాలు దాని చుట్టూ మూగాలి. మనిషి వేలికి ముల్లు దిగితే చీము పట్టదా, అట్లాగే.

తోటలోని గులాబి ముళ్ళను తెచ్చి డింభకాల చర్మం క్రింద గ్రుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారుజామున చూసేసరికి ముల్లు చుట్టూ కణాలు దట్టంగా గుమిగూడి ఉన్నాయి. ఈ వృత్తాంతాన్ని ఆయన చాలా ఏళ్ళ తరువాత వ్రాసుకొన్నాడు కాబట్టి వివరాలలో కొంత మెరుగు చేరి ఉండవచ్చునని చరిత్రకారుల అభిప్రాయం. ప్రయోగపు ఫలితం విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

ఈ ప్రయోగం ఎందుకు అంత ముఖ్యమైనదో విద్యార్థులు గ్రహించాలి. గాయమైనచోట ఎర్రబడడం, వాచడం, వేడిగా ఉండడం, నొప్పి కలగడం ప్రాచీన కాలం నుండి అందరికీ తెలుసు. పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు ఈ వాపును ఒక చెడుగా, రక్తనాళాలు దెబ్బతినడం వలన కలిగే వికారంగా భావించేవారు. చీములోని తెల్ల రక్త కణాలలో సూక్ష్మజీవులు కనిపించినా, ఆ కణాలు సూక్ష్మజీవులను ఒంటిలో ఇతర భాగాలకు మోసుకొనిపోతున్నాయని చాలామంది అనుకొనేవారు. సముద్ర నక్షత్రపు డింభకానికి మనకున్నటువంటి రక్తనాళాలు లేవు. అయినా ముల్లు చుట్టూ కణాలు చేరాయి. కాబట్టి వాపుకు మూలం రక్తనాళాలలో లేదు, కదిలే కణాలలో ఉన్నది; అది శరీరానికి కలిగిన వికారం కాదు, శరీరం చేస్తున్న రక్షణ. ఒక్క ముల్లుతో శతాబ్దాల అభిప్రాయం తలక్రిందులైనది.

ఆ రోజులలో మెస్సీనాకు వచ్చిన ప్రఖ్యాత జర్మన్ వైద్యుడు రుడోల్ఫ్ విర్చోకు మెచ్నికోవ్ తన ప్రయోగాలను చూపించాడు. విర్చో మెచ్చుకొన్నాడు గాని, వైద్యులు దీనికి పూర్తి విరుద్ధంగా ఆలోచిస్తున్నారని, జాగ్రత్తగా ముందుకు పోవాలని హెచ్చరించాడు. వియన్నాలో జంతుశాస్త్రవేత్త కార్ల్ క్లౌస్ ఈ కణాలకు గ్రీకు మాటలతో ఫాగోసైట్ అనే పేరు సూచించాడు. తెలుగులో వీటిని భక్షక కణాలు అంటాము. మెచ్నికోవ్ 1883లో తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు.

మరుసటి సంవత్సరం డాఫ్నియా అనే చిన్న నీటి జీవిపై చేసిన పరిశోధన ప్రకటించాడు. డాఫ్నియా మ్రింగిన ఒక రకమైన ఈస్టు బీజాలు సూదుల వలె పేగుగోడను చీల్చుకొని శరీరంలోనికి వస్తాయి. భక్షక కణాలు వాటిని చుట్టుముట్టి నాశనం చేయగలిగితే జీవి బ్రతుకుతుంది. ఈస్టు కణాలు ముందుగా పెరిగిపోతే జీవి చనిపోతుంది. ఈ విధంగా రోగం అంటే రెండు రకాల జీవుల మధ్య జరిగే పోరాటం అని కళ్ళకు కట్టినట్లు చూపగలిగాడు.

ఒడెస్సా నుండి పారిస్‌కు

లూయీ పాశ్చర్ 1885లో రేబీస్ టీకాను ప్రయోగించిన తరువాత, 1886లో ఒడెస్సాలో ఒక సూక్ష్మజీవ పరిశోధన కేంద్రం ఏర్పడింది. రష్యా సామ్రాజ్యంలో ఇటువంటిది ఇదే మొదటిది. మెచ్నికోవ్ దానికి అధిపతి అయ్యాడు. టీకాల పని చాలావరకు నికొలాయ్ గమలేయా అనే యువ వైద్యుడు చూసుకొన్నాడు. మెచ్నికోవ్‌కు వైద్య పట్టా లేదు. స్థానిక వైద్యులు ఈ విషయాన్ని పదే పదే ఎత్తిచూపారు. దొమ్మ రోగానికి గొర్రెలపై వేసిన టీకా వికటించి వేలకొలది గొర్రెలు చనిపోవడంతో అక్కడ పనిచేయడం దుర్లభమైనది.

1888లో పాశ్చర్ ఆయనకు పారిస్‌లో కొత్తగా నిర్మించిన తన సంస్థలో ఒక ప్రయోగశాల ఇచ్చాడు. జీతం తీసుకోకుండానే మెచ్నికోవ్ అక్కడ చేరాడు. మరణించేవరకు, అనగా ఇరవై ఎనిమిదేళ్ళు, అదే ఆయన కార్యక్షేత్రం.

భారతీయులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఒడెస్సాలో మెచ్నికోవ్ శిష్యుడైన వాల్డెమార్ హాఫ్‌కిన్ కూడ గురువు సహాయంతోనే 1889లో పాశ్చర్ సంస్థలో ప్రవేశించాడు. మొదట ఆయనకు దొరికింది గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం. 1892లో కలరా టీకా తయారుచేసి, 1893లో భారతదేశానికి వచ్చాడు. 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను ముందుగా తనపైనే ప్రయోగించుకొని, లక్షలాది ప్రజల ప్రాణరక్షణకు కారకుడయ్యాడు.

కణాలా, రక్తద్రవమా?

జర్మనీలో రాబర్ట్ కోఖ్ అనుయాయులు మెచ్నికోవ్ సిద్ధాంతాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. రోగనిరోధక శక్తి కణాలలో కాక రక్తద్రవంలో ఉన్నదని వారి వాదం. 1890లో బేరింగ్, కితసాటో కలిసి ధనుర్వాతం, కంఠసర్పి రోగాలకు రక్తపు సీరంలో విరుగుడు పదార్థాలు ఏర్పడతాయని చూపించారు. 1894లో ఫైఫర్ మరొక దెబ్బ కొట్టాడు. టీకా పొందిన గినీపందుల శరీరంలో కలరా క్రిములు ఏ కణంలోనికీ పోకుండానే కరిగిపోతున్నాయని ఆయన నిరూపించాడు.

మెచ్నికోవ్ ప్రతి విమర్శకూ ప్రయోగంతోనే సమాధానం చెప్పాడు. 1892లో ప్రచురించిన వాపును గురించిన ఉపన్యాసాలలో, ఏకకణ జీవుల నుండి మనిషి వరకు ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ భక్షక కణాల చరిత్రను వివరించాడు. 1901లో వచ్చిన రోగనిరోధక శక్తి గ్రంథంలో ఇరవై ఏళ్ళ వివాదాన్ని సమీక్షించాడు. భక్షక కణాలను పెద్దవి, చిన్నవి అని విభజించి పెద్దవాటికి మాక్రోఫేజ్ అని పేరుపెట్టినది కూడ ఆయనే. చిన్నవాటిని నేడు న్యూట్రోఫిల్స్ అంటారు. ఆయన వాదనలో మొండితనం లేకపోలేదు. అయితే తన ప్రయోగశాలలోని యువకుడు జూల్స్ బోర్డే రక్తద్రవంలో క్రిములను కరిగించే మరొక పదార్థం పాత్రను బయటపెట్టినప్పుడు, అది ప్రత్యర్థుల వాదానికి బలం చేకూర్చేదే అయినా, ఆ పని సాగనిచ్చాడు. బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

1903లో లండనులో ఆల్మ్‌రాత్ రైట్, డగ్లస్ రెండు వాదాలను కలిపే ఆధారం కనుగొన్నారు. రక్తద్రవంలోని కొన్ని పదార్థాలు క్రిములకు అంటుకొని, భక్షక కణాలు వాటిని సులభంగా మ్రింగేటట్లు చేస్తాయి. అంటే రెండూ నిజమే, రెండూ కలిసి పనిచేస్తాయి. 1908లో నోబెల్ బహుమతిని కణాల పక్షాన నిలిచిన మెచ్నికోవ్‌కు, రక్తద్రవం పక్షాన నిలిచిన ఎర్లిష్‌కు కలిపి ఇవ్వడం ఎంతో సమంజసంగా ఉన్నది.

ఈ కాలంలోనే ఎమిల్ రూతో కలిసి 1903లో సిఫిలిస్ వ్యాధిని కోతి జాతులకు సంక్రమింపజేసి, ఆ వ్యాధిపై ప్రయోగాలకు మార్గం వేశాడు. 1906లో రాయల్ సొసైటీ వారి కోప్లీ పతకం ఆయనకు లభించింది.

వృద్ధాప్యము, పులిసిన పాలు

మెచ్నికోవ్ దృష్టి పేగులలోని సూక్ష్మజీవులపైకి మళ్ళడానికి కలరా ఒక కారణం. 1890వ దశకంలో ఫ్రాన్సులో కలరా వ్యాపించినప్పుడు ఆయన స్వయంగా కలరా క్రిములను త్రాగాడు. జబ్బు రాలేదు. త్రాగిన మరొకరికి ప్రాణం మీదకు వచ్చింది. ఒకే క్రిమి ఒకరిని ఏమీ చేయక, ఇంకొకరిని ఎందుకు పడగొడుతుంది? ప్రయోగశాలలో పరీక్షించగా, కొన్ని సూక్ష్మజీవులు కలరా క్రిమి పెరుగుదలకు తోడ్పడుతున్నాయని, మరికొన్ని అడ్డుపడుతున్నాయని తేలింది. పేగులో ముందే కాపురమున్న జీవులను బట్టి కొత్తగా వచ్చిన క్రిమి బలం ఉంటుందని ఆయన ఊహించాడు. నేటి ప్రమాణాలతో చూస్తే మనుషులపై ఇటువంటి ప్రయోగాలు చేయడం ఎంతమాత్రమూ సమ్మతం కాదు. ఊహ మాత్రం కాలానికి చాలా ముందున్నది.

1903లో మానవ స్వభావాన్ని గురించి, 1907లో ఆశావాద వ్యాసాలు అనే పేరుతో ఆయన రెండు గ్రంథాలు వెలువరించాడు. వార్ధక్యాన్ని అధ్యయనం చేసే శాస్త్రానికి జెరంటాలజీ అనే పేరు ఆయన పెట్టినదే. పెద్దప్రేగులో క్రుళ్ళు పుట్టించే సూక్ష్మజీవులు విషపదార్థాలను తయారుచేస్తాయని, అవి రక్తంలో కలిసి శరీరాన్ని త్వరగా ముసలిదానిని చేస్తాయని ఆయన సిద్ధాంతం. పాలు పులిసినప్పుడు లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, ఆమ్లం ఉన్నచోట క్రుళ్ళు పట్టదు. కాబట్టి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులను పేగులలో స్థిరపరిస్తే ఆయుస్సు పెరుగుతుందని ఆయన వాదించాడు. బల్గేరియా పల్లెలలో పెరుగు ఎక్కువగా తినేవారిలో దీర్ఘాయుష్మంతులు చాలామంది ఉన్నారన్న వార్తలు ఆయనకు ఊతమిచ్చాయి. బల్గేరియా పెరుగులోని సూక్ష్మజీవిని 1905లో జెనీవాలో స్టామెన్ గ్రిగొరోవ్ అనే వైద్య విద్యార్థి గుర్తించాడు. దానినే లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అంటారు.

1904లో పారిస్‌లో వార్ధక్యంపై మెచ్నికోవ్ చేసిన ఉపన్యాసం పత్రికలకెక్కింది. పులిసిన పాలకు ఐరోపా, అమెరికాలలో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. తోడు వేసి పెరుగు చేసుకోవడం, అన్నంలో మజ్జిగ కలుపుకోవడం తరతరాలుగా ఎరిగిన తెలుగువారికి ఈ ఆరాటం కొంత వింతగానే తోస్తుంది. మెచ్నికోవ్ తాను కూడ ప్రతిదినం పులిసిన పాలు త్రాగేవాడు. పచ్చి కూరగాయలు, పండ్లు ముట్టేవాడు కాదు. ఏదైనా ఉడికించి తినవలసినదే.

ఈ సిద్ధాంతంలో తప్పులు చాలా ఉన్నాయి. జుట్టు తెల్లబడడానికి భక్షక కణాలు రంగు పదార్థాన్ని తినివేయడమే కారణమని ఆయన భావించాడు, అది నిలువలేదు. పెద్దప్రేగు అనవసరమైనదన్న మాటను పట్టుకొని లండనులో ఆర్బత్‌నాట్ లేన్ వంటి శస్త్రవైద్యులు మలబద్ధకం ఉన్నవారికి పెద్దప్రేగునే కోసి తీసివేశారు. 1920వ దశకపు ఆరంభంలో అమెరికాలో రెట్గర్, చెప్లిన్ చేసిన పరిశోధనలో బల్గేరియా సూక్ష్మజీవి మనిషి పేగులో స్థిరపడదని తేలింది. ఇన్ని లోపాలున్నా, ఒంటిలోని సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావని, మేలు చేసేవాటిని చేర్చి కీడు చేసేవాటిని అణచవచ్చునని చెప్పిన మూలసూత్రం నిలిచిపోయింది. క్రిములంటే చంపవలసినవే అని లోకమంతా నమ్ముతున్న రోజులలో ఈ మాట చెప్పడానికి సాహసం కావాలి.

చివరి రోజులు

1909లో మెచ్నికోవ్ రష్యా వెళ్ళి యాస్నయా పొల్యానాలో టాల్‌స్టాయ్‌ని కలుసుకొన్నాడు. విజ్ఞానశాస్త్రంపై అంతగా నమ్మకం లేని ఆ మహా రచయితకు, విజ్ఞానశాస్త్రమే సర్వస్వమైన ఈయనకు మధ్య స్నేహపూర్వకంగానే సంభాషణ జరిగింది గాని ఏకాభిప్రాయం కుదరలేదు. 1911లో క్షయవ్యాధి అధ్యయనానికి కల్మిక్ మైదానాలకు వెళ్ళిన బృందానికి నాయకత్వం వహించాడు.

1913లో గుండెపోటు వచ్చింది. మరుసటి ఏడు మొదలైన ప్రపంచయుద్ధం ఆయనను మానసికంగా దెబ్బతీసింది. ప్రయోగశాల సహాయకులు యుద్ధరంగానికి వెళ్ళిపోయారు. 1916 జూలై 15న పాశ్చర్ సంస్థ ఆవరణలోనే, డెబ్బై ఒకటవ యేట, గుండె జబ్బుతో మరణించాడు. తన శరీరాన్ని, ముఖ్యంగా పేగులను పరీక్షించవలసిందని ముందుగానే సహచరుని కోరాడు. దహన సంస్కారం తరువాత చితాభస్మాన్ని ఒక పాత్రలో ఉంచి పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరిచారు. ఆయన నూరేళ్ళు బ్రతుకలేదని కొందరు హేళన చేశారు. యౌవనం నుండి గుండె జబ్బు ఉన్నవాడు, రెండుసార్లు చావు అంచు వరకు వెళ్ళివచ్చినవాడు ఆ కాలంలో డెబ్బై దాటడమే గొప్ప అనుకోవాలి.

తరువాతి చరిత్ర

మెచ్నికోవ్ రచనల ప్రభావంతో 1919లో బార్సిలోనాలో ఐజాక్ కరాసో పెరుగు తయారీ మొదలుపెట్టాడు. అదే డానోన్ సంస్థకు ఆరంభం. జపానులో మినోరు షిరోటా 1930లో పేగులో బ్రతికి ఉండగల ఒక లాక్టిక్ సూక్ష్మజీవిని వేరుచేసి, 1935లో యాకుల్ట్ పానీయాన్ని ప్రజలకందించాడు. పెన్సిలిన్ వంటి మందులు వచ్చిన తరువాత కొన్ని దశాబ్దాలపాటు వైద్యులు ఈ మార్గాన్ని దాదాపు మరచిపోయారు. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగిన కొద్దీ ఆసక్తి మళ్ళీ మొలకెత్తింది. 2001లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు ప్రోబయాటిక్స్‌కు నిర్వచనం ఇచ్చారు. దాని ప్రకారం అవి ప్రాణంతో ఉన్న సూక్ష్మజీవులై ఉండాలి, తగినంత మోతాదులో తీసుకోవాలి, తీసుకొన్నవారికి ఆరోగ్య ప్రయోజనం కలిగించాలి.

మధుమేహ రోగుల పాదాల పుండ్లు

మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి పాదాలలో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. చెప్పులో రాయి ఉన్నా, కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు. రక్తప్రసరణ కూడ తగ్గి ఉంటే చిన్న గాయమే పెద్ద పుండు అవుతుంది. దీనికి తోడు మరొక లోపం ఉన్నది. రక్తంలో చక్కెర అధికంగా ఉన్నప్పుడు మెచ్నికోవ్ చూపిన భక్షక కణాలు మందగిస్తాయి. న్యూట్రోఫిల్స్ గాయం దగ్గరకు చేరడంలోను, క్రిములను మ్రింగి చంపడంలోను వెనుకబడతాయి. మాక్రోఫేజ్‌లు మామూలుగా అయితే మొదట క్రిములతో పోరాడి, తరువాత కొత్త కణజాలం పెరగడానికి తోడ్పడాలి. మధుమేహ రోగి పుండులో అవి ఆ రెండవ దశకు పోకుండా పోరాట దశలోనే చిక్కుకొనిపోతాయి. అందుకే వాపు తగ్గదు, పుండు మానదు. మెస్సీనాలోని డింభకం ఒక్క రాత్రిలో చేయగలిగిన పని ఈ పాదం నెలలు గడిచినా చేయలేకపోతుంది. క్రిములు ఎముక వరకు వ్యాపించి, చివరకు వ్రేలినో పాదాన్నో తొలగించవలసిన స్థితి రావచ్చు.

ప్రోబయాటిక్స్ ఇక్కడ రెండు మార్గాలలో పరీక్షకు వచ్చాయి. ఒకటి పుండుపై నేరుగా పూయడం. అర్జెంటీనాలో పెరాల్, ఆమె సహచరులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే సూక్ష్మజీవి పెంపకాన్ని ముందుగా కాలిన గాయాలపైన, తరువాత క్రిములు చేరిన దీర్ఘకాలిక కాలి పుండ్లపైన ప్రయోగించారు. 2010లో ప్రకటించిన ఈ రెండవ పరిశోధనలో 34 మంది రోగులుండగా, వారిలో 14 మంది మధుమేహం కలవారు. పుండ్లలో క్రిముల సంఖ్య తగ్గి, కొత్త కణజాలం పెరిగినట్లు వారు గమనించారు.

రెండవ మార్గం నోటి ద్వారా ఇవ్వడం. ఇరానులో 60 మంది మధుమేహ పాదవ్రణ రోగులపై జరిపి 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, సగం మందికి నాలుగు రకాల మేలుచేసే సూక్ష్మజీవులున్న గుళికలను, తక్కినవారికి అదే రూపంలో ఉన్న ఉత్తుత్తి గుళికలను 12 వారాలపాటు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు, పరీక్షించినవారికీ తెలియదు. సూక్ష్మజీవులను తీసుకొన్నవారిలో పుండు పొడవు, వెడల్పు, లోతు ఎక్కువగా తగ్గాయి. రక్తంలో చక్కెర విషయంలో కూడ కొంత మెరుగు కనిపించింది. పేగులోని సూక్ష్మజీవుల మార్పు వలన శరీరమంతటా వాపు లక్షణాలు తగ్గడం, ఇన్సులిన్ మెరుగుగా పనిచేయడం ఇందుకు కారణాలు కావచ్చునని భావిస్తున్నారు. మెచ్నికోవ్ పేగుకు, దూరాన ఉన్న అవయవాలకు సంబంధం ఉన్నదని చెప్పినప్పుడు చూపిన కారణం తప్పు. సంబంధం మాత్రం ఉన్నట్లే కనబడుతున్నది.

ఈ పరిశోధనలు చిన్నవి. వీటిని ఆధారం చేసుకొని పాదపు పుండుకు ప్రోబయాటిక్స్‌ను ప్రధాన చికిత్సగా ఎవరూ సిఫారసు చేయడం లేదు. పుండుపై ఒత్తిడి పడకుండా చూడడం, చచ్చిన కణజాలాన్ని తొలగించడం, క్రిములు చేరితే తగిన మందులు వాడడం, రక్తప్రసరణను సరిచేయడం, చక్కెరను అదుపులో ఉంచడం, ఇవే అసలు చికిత్స. ఇంట్లో తోడు వేసిన పెరుగుకు, పరిశోధనలో వాడిన గుళికకు కూడ తేడా ఉన్నది. గుళికలో ఏ రకం సూక్ష్మజీవి ఎంత సంఖ్యలో ఉన్నదో లెక్క తెలుసు. పెరుగులో అది ఇంటింటికీ మారుతుంది. పుండుపై పెరుగు పూయడం ప్రమాదకరం. రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారికి ప్రోబయాటిక్ సూక్ష్మజీవులే అరుదుగా రక్తంలో చేరి జబ్బు కలిగించిన సందర్భాలున్నాయి కాబట్టి, గుళికలైనా వైద్యుని సలహాతోనే వాడాలి.

గుర్తింపు, స్మృతి చిహ్నాలు

ఓల్గా మెచ్నికోవా భర్త జీవితచరిత్రను ఫ్రెంచి భాషలో వ్రాసి 1920లో ప్రచురించింది. మెచ్నికోవ్‌ను గురించి మనకు తెలిసిన వ్యక్తిగత విషయాలలో ఎక్కువ భాగం ఈ గ్రంథం నుండి వచ్చినవే. ఆమె 1944లో మరణించింది. ఒడెస్సా విశ్వవిద్యాలయం, ఖార్కివ్‌లోని సూక్ష్మజీవ, రోగనిరోధక శాస్త్ర సంస్థ, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక వైద్య విశ్వవిద్యాలయం ఆయన పేరు మీద ఉన్నాయి. డాఫ్నియాను చంపే ఈస్టు చేరిన ప్రజాతికి మెచ్నికోవియా అని పేరు పెట్టారు.